రాక్షసుడి మంత్రం, అత్తగారి ‘చెల్లదు’

వీధిలో ఆమెను అందరూ పళ్లమ్మ అంటారు. ఆ పేరు విని కొత్తవాళ్లు సంచీ పట్టుకుని వచ్చి, డజను అరటిపళ్లు ఎంతని అడుగుతారు. ఆమె చేసేవి కట్టుడు పళ్లు. దంతవైద్యులు పంపిన అచ్చుల్లో ప్లాస్టర్ పోసి, మైనంతో చిగుళ్లు మలిచి, ఒక్కో పన్నూ వరసలో నిలబెడుతుంది. రోజంతా ఎవరిదో ఒకరి నోరు చేతిలో పట్టుకుని కూర్చుంటుంది గానీ, సొంత నోరు తెరవడం తక్కువ. ల్యాబులో పక్క బెంచీ వాళ్లు తమ పని తెచ్చి ఈమె ముందు పడేస్తే సరే అంటుంది. నోట్లో వేలు పెట్టినా కొరకలేని మనుషులుంటారే, ఆ బాపతు. పళ్లు చేసే మనిషికి అది మరీ అన్యాయం.

అలాంటి మనిషి ఆదివారం మధ్యాహ్నం మాత్రం రాక్షసులను ఏలుతుంది. ఇంట్లో బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆట అది. ఆమె కథ నడుపుతుంది. మిగిలినవాళ్లు అందులో ఒక్కో పాత్ర వేస్తారు. కత్తి తగిలిందో లేదో పాచిక చెబుతుంది. భర్త యోధుడు. కింది వాటాలో ఉండే కళ్లజోళ్ల షాపు బాబాయి దొంగ. ఎదురొచ్చే రాక్షసులందరూ ఆమె పక్షం. వాళ్ల బొమ్మలు కూడా పనిలో మిగిలిన ప్లాస్టరుతో తనే చేస్తుంది. పారేయాల్సిన పళ్లు తెచ్చి అతికించడం వల్ల ఎంతటి క్రూరుడికైనా పెళ్లికొడుకు పలువరస ఉంటుంది.

ఇక మంత్రగత్తె వేషం అత్తగారిది. ఆవిడ సర్వీసంతా బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసి రిటైరయ్యారు. ‘చెల్లదు’ అనే ఒక్క మాట మీద ఉద్యోగం నడిపి, అదే మాట పట్టుకుని ఇంటికొచ్చారు. వచ్చాక బస్సు లేదు గానీ కోడలు ఉంది. కూర చెల్లదు, ఉతికిన దుప్పటి చెల్లదు, తలుపు వేసిన తీరు చెల్లదు. పళ్లమ్మ అన్నిటికీ ‘సరే అత్తయ్యా’ అనేది, స్నానాల గదిలో కుళాయి తిప్పి ఏడ్చేది.

ఆ ఇంటిని కాపాడింది ఈ ఆటే. అందులో ఒక విద్య ఉంది. శత్రువు మంత్రం వేస్తుండగానే అడ్డుకుని దాన్ని రద్దు చేయొచ్చు. అత్తగారు మిగతా విద్యలేవీ అడగకుండా అదొక్కటే నేర్చుకున్నారు. రాక్షసుడు చెయ్యెత్తగానే కుర్చీలోంచి సగం లేచి, ‘చెల్లదు!’ అనేవారు. వారమంతా పోగైనది ఆదివారం ప్లాస్టర్ బొమ్మల మీద పడిపోయేది. సోమవారం ఆవిడ కూర రెండోసారి వడ్డించుకునేవారు.

అంతా సవ్యంగా సాగుతుంటే ఆ ఆటను తయారుచేసే కంపెనీవాళ్లు కొత్త నియమాల పుస్తకం తెచ్చారు. ఊరికే ఉండలేనివాళ్లు అన్ని చోట్లా ఉంటారు కదా! పాత పుస్తకంలో పెద్ద రాక్షసుడికి పండితుడికున్నన్ని మంత్రాలుండేవి. ఏది ఏం చేస్తుందో వేరే పుస్తకంలో వెతుక్కోవాలి. పళ్లమ్మ పేజీలు తిప్పేలోగా టీ చల్లారేది, బాబాయికి కునుకు పట్టేది. కొత్త పుస్తకంలో మంత్రాలు రెండో మూడో మిగిల్చి, రాక్షసుడు చేత్తో విసిరే మంటను మంత్రాల్లోంచి తీసేసి మామూలు దెబ్బ కింద రాశారు. పళ్లమ్మ ఎగిరి గంతేసింది. బల్ల మీది లోకాన్ని సులువు చేసుకునే సంబరంలో ఇంట్లో లోకం గుర్తుకు రాలేదు.

ఆ ఆదివారం గుహలోని భూతరాజు చెయ్యెత్తాడు.

“చెల్లదు!” అన్నారు అత్తగారు.

“అత్తయ్యా, అది… మంత్రం కాదండీ. కొత్త రూలు. ఉట్టి దెబ్బ.”

“చేతిలోంచి మంట వస్తుంటే మంత్రం కాదా? మరి వాడు చేతిలో పొయ్యి పెట్టుకుని తిరుగుతున్నాడా?”

“పుస్తకంలో అలాగే ఉందండీ. మంత్రాన్నయితేనే అడ్డుకోగలం.”

అత్తగారు పుస్తకం తీసుకుని, కళ్లజోడు సర్దుకుని, ఆ మూడు లైన్లూ చదివారు. మంత్రగత్తె జుట్టు కాలిందని ఒప్పుకున్నారు. పాచికలు కోడలి వైపు జరిపి, “మీరు ఆడుకోండి. నాకిక్కడ పని లేదు” అని లోపలికి వెళ్లిపోయారు.

మర్నాడు పొద్దున్న కాఫీ చెల్లలేదు. మధ్యాహ్నానికి కిటికీ తెరలు చెల్లలేదు. వారం గడిచేసరికి కొడుకు గడ్డం గీసుకున్న విధానం కూడా చెల్లకుండా పోయింది. పళ్లమ్మ మళ్లీ కుళాయి తిప్పడం మొదలెట్టింది. అయితే ఈసారి ఏడుపు తిట్లకు కాదు. ఆట బల్ల దగ్గర అత్తగారి కుర్చీ ఖాళీగా ఉంటే తనకు దిగులుగా ఉందని తెలిసి, దానికి ఏడుపొచ్చింది.

ఆగలేక అత్తగారి గది గుమ్మం దగ్గర నిలబడింది. “అత్తయ్యా, పాత రూల్సే పెట్టేస్తాను. మీరు రండి.”

“నాకోసం రూలు మారుస్తావా? నా మొగుడు టికెట్టు లేకుండా ఎక్కితే ఆయన్నే దింపేశాను నేను. మారింది మారిందే. నాకు దయాదాక్షిణ్యాలు అక్కర్లేదు.”

మొండితనంలో ఆవిడకు ఆవిడే సాటి. పళ్లమ్మ ఆ రోజంతా మైనం కరిగిస్తూ అదే ఆలోచించింది. రూలు మార్చకూడదు. ఆవిడ రావాలి. అయితే మారాల్సింది కుర్చీయే! సాయంత్రం ఇంటికొచ్చి, భూతరాజు బొమ్మను తీసుకెళ్లి అత్తగారి చేతిలో పెట్టింది.

“రాక్షసుల్ని మీరు నడపండి. మీ మంత్రగత్తెను నేను ఆడతాను.”

అత్తగారు బొమ్మ పళ్లు తిప్పి తిప్పి చూశారు. “చూద్దాం” అన్నారు.

ఈ సంగతి తెలిసి భర్త పరిగెత్తుకొచ్చాడు. “మా అమ్మకి రాక్షసుల్ని అప్పగించావా? కోతికి కొబ్బరికాయ ఇచ్చినట్టేనే! ఇక మనం బతికి బట్టకట్టం.”

ఆదివారం అతనన్నట్టే అయింది. అత్తగారి చేతిలో భూతరాజు విశ్వరూపం చూపించాడు. కాసేపటికే దొంగను గోడకు కొట్టాడు, యోధుడి డాలు విరిచాడు. అన్నీ రూలు ప్రకారమే. మంత్రగత్తె కొనప్రాణంతో మిగిలింది. ఇంకొక్క మంట విసిరితే అయిపోతుంది, ఆ మంటను ఆపే దారి లేదు. అది బల్ల దగ్గరున్న అందరికీ తెలుసు.

అత్తగారు కోడలిని చూశారు.

“మంట విసరను. నా రాక్షసుడు ఇప్పుడు నిద్రమంత్రం వేస్తాడు. మంత్రమే. దెబ్బ కాదు.”

“అదేంటమ్మా, మంట విసిరితే గెలిచినట్టేగా?” అన్నాడు కొడుకు.

“నా రాక్షసుడు, నా ఇష్టం. నువ్వు నోరు మూసుకో.” చేతిలో పాచిక పట్టుకుని ఆవిడ ఆగిపోయారు. “ఏమ్మా, వేస్తున్నాను. ఏమంటావు?”

పళ్లమ్మ నోరు తెరిచింది. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆవిడతో అనని మాట అది.

“చెల్లదండీ…”

“అండీ ఏమిటే, రాక్షసుడికి! ఇలా అంటే ఎవడు వింటాడు? మళ్లీ అను. వెనక సీటువాడికి వినపడాలి.”

“చెల్లదు.”

“ఇంకా.”

“చెల్లదు!” బల్ల మీద బొమ్మలు అదిరేలా అరిచింది పళ్లమ్మ.

భర్త చేతిలో యోధుడు జారి కింద పడ్డాడు. “నేనేం చేశానే?” అన్నాడు బెదిరిపోయి.

“నిన్ను కాదురా,” అన్నారు అత్తగారు, మొహం వెలిగిపోతుండగా. “నన్ను.”