సీసాల బ్రష్

ల్యాబులో ఆమెను మేమంతా చాటుగా నాచమ్మ అనేవాళ్లం. సముద్రపు నీటిలో కంటికి ఆనని నాచు మీద ఆమెది ఇరవై ఏళ్ల పరిశోధన. ఆ నాచు ఎంత ఫాస్ఫేటు తింటుంది, చచ్చి అడుగుకు చేరాక ఆ ఫాస్ఫేటు మళ్లీ పైకి ఎలా వస్తుంది, అదే ఆమె లోకం. పడవెక్కితే కడుపులో తిప్పేది. పక్కన బకెట్ పెట్టుకుని మరీ నీళ్లు పట్టేది. పంపులు, మోటార్లు బాగుచేసుకునే నాకు ఆ మొండితనమంటే గౌరవం.

ఆ నీళ్లు పట్టే సీసాలు కడిగేది సీసాలక్క. యాసిడ్‌లో నానబెట్టి, సన్నటి బ్రష్‌తో రుద్ది, డిస్టిల్డ్ వాటర్‌తో ఆరుసార్లు జాడించేది. సబ్బు మాత్రం తగలకూడదు. అక్కడి సబ్బు పొడిలో ఫాస్ఫేటు ఉండేది. చిటికెడు చాలు, సముద్రం లెక్కంతా తప్పుతుంది.

ఒక ఏడాది ఫాస్ఫేటు అంకెలు ఉన్నట్టుండి రెట్టింపయ్యాయి. నాచమ్మ సీసా పట్టుకుని సింకు దగ్గరికి వచ్చింది.

“సబ్బు వేశావు కదూ?”

అక్కను ఏనాడూ ‘మీరు’ తప్ప అనని మనిషి.

“పదకొండేళ్లుగా ముట్టనిది ఇప్పుడెందుకు ముడతానమ్మా?”

“మరి సముద్రమే సబ్బు రాసుకుందా?”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అక్క చేతి తొడుగులు విప్పి సింకు అంచున పెట్టింది. మర్నాటి నుంచి ఆమెది మెట్లు తుడిచే పని.

కొత్త మనిషి వచ్చినా అంకెలు దిగలేదు. అయితే మార్పు సముద్రంలోనే వచ్చిందని నాచమ్మ వ్యాసం రాసి అచ్చుకు పంపింది. అలాగైతే అక్క తప్పు లేనట్టే. ఆ మాట మాత్రం ఎవరమూ ఎత్తలేదు.

ఒక మధ్యాహ్నం నేను సింకు కింద గొట్టం బిగిస్తున్నాను. నాచమ్మ తన టీ ఫ్లాస్కు కడుక్కుంటోంది. దాని మెడ ఇరుకు. సబ్బు పొడి వేసి, సన్నటి బ్రష్ లోపలికి దూర్చి రుద్దుతోంది.

“మేడమ్, అది సీసాల బ్రష్ కదా?”

చెయ్యి ఆగిపోయింది. నురగ మణికట్టు మీదుగా కారింది.

“ఈ ఫ్లాస్కు ఎప్పుడు కొన్నారు?”

“ఈ ఏడే,” అంది.

తడి చేతులతోనే మెట్ల దగ్గరికి వెళ్లింది. వెనకే నేను, చేతిలో పానాతో.

“అక్కా, తప్పు నాది. మీ బ్రష్‌తో నా ఫ్లాస్కు కడిగాను.”

అక్క గుడ్డ పిండుతూ తలెత్తలేదు. “నన్ను అన్నప్పుడు గదినిండా జనం ఉన్నారమ్మా. ఇక్కడ మీరూ నేనూ, ఈ పంపులాయనా.”

సోమవారం అందరి ముందు బల్ల మీద ఫ్లాస్కు, బ్రష్ పెట్టి నాచమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. వ్యాసం వెనక్కి తీసుకున్నానంది.

వెనక నుంచి ఎవరో అన్నారు: “సముద్రం కొలిచినావిడకి సింకు అందలేదు!”

“నిజమే,” అంది ఆమె. ఈసారి నాకు నవ్వు రాలేదు.

అక్క తిరిగొచ్చి ఆ బ్రష్‌ను చెత్తబుట్టలో పడేసి కొత్తది అడిగింది. ఆ తర్వాత రిటైరయ్యేదాకా నాచమ్మ ఆ సింకు దగ్గరికి వస్తే చేతులు వెనక్కి కట్టుకునే నిలబడేది.