మూడు సెకన్ల గడువు

గురజాల దగ్గరి సున్నపురాయి క్వారీలో, రాయి మోసే బెల్టును ప్రమాదంలో ఆపడానికి దాని పొడవునా కట్టిన ఎర్ర తాడును యల్లమంద పద్నాలుగేళ్లుగా రోజూ పొద్దున్నే పరీక్షగా లాగుతున్నాడు. బెల్టు ఆగితే రిజిస్టర్‌లో టిక్కు పెట్టి టిఫిన్‌కి పోతాడు. ఆ రోజు టిక్కు పెట్టాక మాణిక్యమ్మ అడ్డం వచ్చింది. బెల్టు కింద రాలిన రాయిని పారతో ఎత్తిపోయడం ఆమె పని.

"ఒరేయ్ యల్లమందా, నిన్న తాడు నా మాట యినలా."

"ఇప్పుడే లాగా గదక్కా. టక్కున ఆగింది."

"నీకాగుద్ది. నువ్వు సారువి. నా పార రోలర్లో ఇరుక్కుంటే తాడు లాగా. ఒకటి, రెండు అనుకున్నా, అప్పటిగ్గానీ ఆగలా. పిడి ముక్కలైంది. అదే చెయ్యయితే ఏందిరా?"

ఆమె నవ్వింది. అతను నవ్వలేకపోయాడు.

ఇదివరకు ప్రతి బెల్టు తాడు నుంచీ దాని మోటారుకు సొంత వైరు ఉండేది. నిరుడు ఆ వైర్లన్నీ క్వారీలోని ఒక పెట్టెలోకి చేర్చి, అక్కడి నుంచి కంట్రోల్ రూముకు ఒకటే కేబుల్ వేశారు. అక్కడి కంప్యూటర్ ఎవరైనా తాడు లాగారా అని క్షణక్షణం పెట్టెను అడుగుతుంది, పెట్టె జవాబిస్తుంది. పెట్టిన గడువులో జవాబు రాకపోతే బెల్టు దానంతటదే ఆగిపోవాలి. మొదట్లో ఆ గడువు సెకనులో ఐదో వంతు. జవాబు కాస్త ఆలస్యమైనా బెల్టు మాటిమాటికీ ఆగిపోతోందని, నిండా రాయి ఉంటే మళ్లీ కదలడం లేదని ఇంజనీరు హరికృష్ణ గడువు మూడు సెకన్లు చేయమన్నాడు. కంప్యూటర్‌లో ఆ అంకె కొట్టింది యల్లమందే. జవాబు అందని ఆ మూడు సెకన్లలో ఎవరు తాడు లాగినా కంప్యూటర్‌కు తెలియదు. పాత జవాబునే నమ్మి బెల్టును తిప్పుతూనే ఉంటుంది.

ఇడ్లీ సగంలోనే వదిలేశాడు. వెనక్కి వచ్చి పదిసార్లు లాగాడు. పదిసార్లూ ఆగింది. అప్పుడు తట్టింది: పొద్దున రాయి నలగ్గొట్టే క్రషర్ నడవదు. నేల అదరదు. ఇన్నాళ్లూ తను పరీక్షించింది ఆ వేళలోనే.

పదకొండింటికి క్రషర్ మొదలైంది. మాణిక్యమ్మను దూరంగా నిలబెట్టి లాగాడు. మూడుసార్లు ఆగింది. నాలుగోసారి తాడు చేతిలో బిగిసే ఉంది, రాళ్లు కళ్ల ముందు నుంచి పోతూనే ఉన్నాయి. పెట్టె తెరిచి చూస్తే కేబుల్ ప్లగ్గు అదురుకు ఊగుతోంది. దాని కొక్కెం విరిగింది; ఊగినప్పుడల్లా జవాబు తెగిపోతోంది.

హరికృష్ణకు ఫోన్ చేశాడు.

"కొత్త ప్లగ్గు ఎల్లుండి వస్తుందయ్యా. అందాకా అట్టాగే నడపండి. మళ్లీ బెల్టు ఆగడం మొదలైతే పైవాళ్లు నన్ను తింటారు."

"ఎల్లుండిదాకానా సార్?"

"రెండ్రోజులకేమవుద్ది?"

మాణిక్యమ్మ అప్పటికే విరిగిన పిడికి గుడ్డ చుట్టుకుని బెల్టు కిందికి వంగుతోంది.

"అక్కా, బయటికి రా! నేను చెప్పిందాకా దాని కిందికి పోబాక!" అని ఆమెను కేకేసి, "పాత గడువే పెడుతున్నా సార్. రిజిస్టర్‌లో నా పేరే రాసుకుంటా" అన్నాడు ఫోన్లో. అవతల హరికృష్ణ ఏదో అంటుండగానే కంట్రోల్ రూము వైపు నడిచాడు.

గడువు మార్చి, క్రషర్ నడుస్తుండగానే మళ్లీ మళ్లీ తాడు లాగి చూశాకే ఆమెను పనిలోకి పిలిచాడు. సాయంత్రానికి బెల్టు తొమ్మిదిసార్లు ఆగింది. ఆగిన ప్రతిసారీ ఫోన్ మోగింది. మెమో వస్తుందేమో, పనే పోతుందేమో.

"మళ్లీ ఆగిందేందిరా?" మాణిక్యమ్మ కింది నుంచి అరిచింది.

"ఆగనీ అక్కా."

మోగుతున్న ఫోన్‌ను పక్కన పెట్టి రిజిస్టర్ తెరిచాడు. పొద్దున పెట్టిన టిక్కును కొట్టేసి, కింద రాశాడు: పరీక్ష, క్రషర్ నడుస్తుండగా.