అందుకోండే

అక్క పత్తి చేలో పాడుతూ చరణం చివర "అందుకోండే!" అనేది. వెంటనే పక్క సాళ్ళలోని ఆడవాళ్ళంతా పల్లవి ఎత్తుకునేవాళ్ళు. మార్టూరు దగ్గర మా ఊళ్ళో ఆమెను అందరం అక్కా అనే పిలిచేవాళ్ళం. నేను ఆమె పాటలకు డోలక్ వాయించేవాణ్ణి.

ఎనభైల్లో ఆమె పాటలు క్యాసెట్‌గా తెద్దామని గుంటూరులో ఒక స్టూడియోకి వెళ్ళాం. సగం పాత పాటలు, సగం ఆమె కట్టినవి. మైకు ముందు కూడా చరణం కాగానే అలవాటుగా "అందుకోండే!" అనేసింది. అద్దం వెనక నుంచి రికార్డింగ్ ఆయన, "ఆ మాట వద్దమ్మా, టేపులో పడుతుంది" అన్నాడు. మూడుసార్లు ఆపించాడు. నాలుగోసారి అక్కే పాట మధ్యలో ఆపేసింది.

"అందుకునే మనిషి లేకపోతే పాటెట్టా నడుస్తుందయ్యా?" అంటూ వెళ్ళిపోవడానికి చెప్పులు వేసుకుంది.

నేను పక్కనున్న గోడౌనుకు పరిగెత్తి, మిరపకాయల తొడిమలు తీస్తున్న నలుగురు ఆడవాళ్ళను బతిమాలి తీసుకొచ్చాను. వాళ్ళ చీరల ఘాటుకు రికార్డింగ్ ఆయనకు తుమ్ములే తుమ్ములు. అంతకు ముందు ఏడాది మిరప కోతల్లో తాను కట్టిన పాట ఎత్తుకుంది అక్క. రెండో చరణానికే ఆ నలుగురూ పల్లవి అందుకున్నారు. ఈసారి ఆయన ఆపలేదు.

పాటయ్యాక వాళ్ళలో పెద్దావిడ కళ్ళు తుడుచుకుంటూ, "మా అమ్మమ్మ పాడేదమ్మా ఈ పాట. ఎన్నాళ్ళకి విన్నానో!" అంది.

అది అక్క కట్టిందేనని చెప్పబోయాను. అక్క నా చెయ్యి నొక్కి ఆపింది. ముఖమంతా నవ్వుతో, "అవునా పిన్నీ! మీ అమ్మమ్మ బాగా పాడేదా?" అంటూ ఆవిడ పక్కన చేరి కూర్చుంది.