పిస్టల్ సైట్లు మార్చిన శనివారం

పిస్టల్ అనగానే మా పాల్వంచ కాలనీలో ఇప్పటికీ గొంతు తగ్గించి మాట్లాడేవాళ్ళున్నారు. అడవి అంచున బతికినవాళ్ళకు ఆ మాట అంత తేలిగ్గా మింగుడుపడదు. అందుకే పక్క క్వార్టర్‌లోకి ఎవరు కొత్తగా దిగినా నేనే ముందు వెళ్ళి చెప్పి వస్తాను. నాది గాలితో పనిచేసే పిస్టల్ అని, పోటీల్లో కాగితం మీద కాల్చడానికేనని, దాంతో కాకి కూడా చావదని. ఆ చివరి మాట పూర్తిగా నిజం కాదు. ఇరుగుపొరుగుతో మంచిగా ఉండడానికి ఆ మాత్రం అబద్ధం పర్వాలేదనుకుంటాను.

నేను బడిలో ఆటల టీచర్ని. కాలేజీలో ఎన్‌సీసీలో ఉన్నప్పుడు పట్టుకున్న సరదా ఇది. పిల్లలు పెద్దవాళ్ళయ్యాక మళ్ళీ మొదలుపెట్టాను. ఏటా ఖమ్మంలో జరిగే సెలెక్షన్లకు వెళ్తాను. ఎప్పుడో ఒకసారి తప్ప ఎంపిక కాను, అయినా వెళ్తాను.

ఈ వానాకాలం నుంచి కళ్ళు మొరాయించాయి. పిస్టల్ గొట్టం చివర ఒక చిన్న నల్ల పలక నిలబడి ఉంటుంది, అది ముందు సైట్. కంటివైపు గాడి ఉన్నది వెనక సైట్. ఆ గాడి మధ్యలో పలక నిలబడి, దానికి రెండు పక్కలా సన్నని వెలుగు గీతలు కనిపించాలి. నాకు ఆ గీతలు కనిపించడం మానేశాయి. కళ్ళ డాక్టర్ అద్దాలిచ్చాడు. పలక కాస్త తేటపడింది కానీ గీతలు రాలేదు. వచ్చే ఆదివారమే సెలెక్షన్. అప్పటికీ ఇంతే అయితే పిస్టల్ బడికిచ్చేసి చేతులు దులుపుకుందామని లోపల్లోపల తీర్మానం చేసుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. చాలా బాధగా ఉండేది. బడిలో, ఇంట్లో నేను చేసే పనులన్నీ ఎవరో ఒకరి కోసం. ఇదొక్కటే నా కోసం.

గాడి వెడల్పుగా ఉన్న సైట్లు పెట్టి చూడమని పాత కోచ్ ఫోన్లో చెబితే తెప్పించాను. శనివారం మా ఆయనకు సెలవు. ఆయన కరెంటు ఫ్యాక్టరీలో ఫిట్టర్. పెద్ద పెద్ద మోటార్లను వెంట్రుకవాసి తేడా లేకుండా వరసలో నిలబెట్టడం ఆయన ఉద్యోగం. ఇంట్లో క్యాలెండర్ వంకరగా ఉంటే అన్నం ముద్ద దిగదు.

"నువ్వు ముట్టకు. స్క్రూ తల అరిగితే మల్ల నన్నే అంటవు," అని నన్ను పక్కకు జరిపాడు.

పిస్టల్ తెరిచి ఖాళీగా ఉందని ఇద్దరం చూశాం. స్క్రూలు దొర్లిపోకుండా డైనింగ్ టేబుల్ మీద తువ్వాలు పరిచాడు. పాత స్క్రూ ఒకటి పట్టేసింది. కుట్టు మిషన్ నూనె చుక్క వేసి, చాయ్ తాగి వచ్చేసరికి మెత్తబడి ఊడింది. కొత్త సైట్లు బిగించి, సన్నని కొలతలు తీసే వెర్నియర్ తెచ్చి వెనక సైట్‌కు అటూ ఇటూ కొలిచాడు. విప్పి, జరిపి, మళ్ళీ కొలిచాడు.

"సూడు. అటెంతుందో ఇటు గంతే ఉంది," అన్నాడు. ఆయన మొహంలో వెలుగు చూస్తే నాకు నవ్వొచ్చింది.

పోటీలో కాల్చే పది మీటర్ల దూరం మా వంటింటి గడప నుంచి పెరటి గోడ దాకా సరిగ్గా సరిపోతుంది. గోడకు ఆనించి, పాత బట్టలు కూరిన చెక్కపెట్టె ఉంది. దాని మీద కాగితం అంటించి, ఎవరూ లోపలికి రాకుండా పెరటి బయటి తలుపుకు గొళ్ళెం పెట్టి, గడప దగ్గరికి వచ్చి చెయ్యెత్తాను. రెండు గీతలూ కనిపించాయి. పలకకు అటొకటి, ఇటొకటి, తేటగా. కళ్ళలో నీళ్ళొచ్చి మళ్ళీ మసకైంది. తుడుచుకుని కాల్చాను.

కాల్చినవన్నీ ఒకేచోట గుంపుగా పడ్డాయి. కాకపోతే నడుమ కాదు, బాగా ఎడమకు.

"ఎడమకు పోతున్నయండి. సైట్ కుడికి జరపాలె."

"సైట్ నడిమిట్ల ఉంది. నేను కొలిచిన."

"కాగితం సూడండి మరి."

"కాగితమేంది, నీ చెయ్యి సూసుకో. సైట్ సక్కగుంది."

నా కోపం ముక్కు మీదే ఉంటుంది. పిస్టల్ ఆయన చేతిలో పెట్టి, "అయితే మీరే కాల్చండి," అన్నాను. ఇన్నేళ్ళలో ఆయన దాన్ని పట్టుకుని కాల్చడం అదే మొదటిసారి. ఊపిరి బిగబట్టి, నాలుక బయటపెట్టి కాల్చాడు. ఆయనవి కుడికి పోయాయి. ఒకటైతే పెట్టె అంచుకు తగిలింది.

ఆయన లోపలికి వెళ్ళి మళ్ళీ వెర్నియర్ తెచ్చాడు. కొలిచి, కాగితం వైపు చూసి, నా వైపు చూశాడు.

"మోటారైతే నడిమికి పెడితే అయిపాయె," అన్నాడు చివరికి. "దీన్ని పట్టే మనిషిని గూడ సూడాలె కావచ్చు."

అప్పుడు నేను కాల్చడం, ఆయన స్క్రూ తిప్పడం. "జర కుడికి," అంటే జర కుడికి. నా వేలు నొక్కే తీరును గుడ్లప్పగించి చూస్తూ నిలబడ్డాడు. కాసేపటికి గుంపు మెల్లగా నడుమకు వచ్చేసింది. సైట్ మాత్రం కుడికి జరిగి, మామూలు కంటికే వంకరగా కనిపిస్తోంది. ఆయనకది ఎంత కష్టంగా ఉందో నాకు తెలుసు.

లోపలికి వెళ్ళి, నేను పెళ్ళిళ్ళకు తప్ప వాడని ఎర్ర గోళ్ళరంగు సీసా పట్టుకొచ్చాడు. స్క్రూ తల మీద చిన్న చుక్క పెట్టాడు. ఫ్యాక్టరీలో పని సరిగ్గా కుదిరిందని తేలాక బోల్టు మీద అలా రంగు చుక్క పెడతారు. ఇక దీన్ని ఎవరూ ముట్టకూడదని దాని అర్థం.

"గింత వంకరగ ఉన్నదానికి చుక్క పెట్టిర్రా?" అన్నాను.

"నీ చేతికి గిదే సక్క," అన్నాడు.

నాకు లోపల చల్లబడింది. పిస్టల్ పెట్టెలో సర్దుతూ, దాన్ని బడికిచ్చేద్దామనుకున్న సంగతి అప్పుడు చెప్పాను. ఆయన సీసా మూత బిగిస్తూ తలెత్తలేదు.

"ఇంకెవలకిస్తవ్? గిప్పుడది నీకు తప్ప ఎవ్వలకు పనికిరాదు."