పదిహేడు అడుగులు

మా అక్క పూర్ణిమ పాల్మాకుల దగ్గర ఒక గోదాములో సరుకును అట్టపెట్టెల్లో సర్దేది. అక్కడ నేను సూపర్‌వైజర్‌ని. ఇంట్లో నా మీద ఎంత పెత్తనం చేసినా, గోదాములో నవ్వు ఆపుకుంటూ "సార్" అని పిలిచేది.

ఆదివారాలు, మంటల నుంచి తప్పించుకోవడం నేర్పే ఒక స్వచ్ఛంద సంస్థతో ఊళ్లు తిరిగేది. మూకుడులో నూనెకు మంట అంటుకుంటే నీళ్లు పోయకుండా మూత ఎలా పెట్టాలో కందుకూరు ఆడవాళ్లకు చేసి చూపేది. ఆ సంస్థవాళ్లను ఒకరోజు మా గోదాముకూ తీసుకొచ్చింది.

పొగలో దారి కనబడదు కనుక, అందరి కళ్లకూ చున్నీలు కట్టి, గోడకు చెయ్యి ఆనించి, వంగి నడవమంది. పదిహేడు అడుగులకు వెనక తలుపు.

"పెండ్లయిన సంది నన్ను గిట్ల ఎవ్వలూ పట్టుకొని నడిపియ్యలే," అంది అక్కతోపాటు పెట్టెలు సర్దే పోచమ్మ, కళ్లకు గంతలతోనే.

"నడుము వంచు పోచక్కా. పొగ నీ ముచ్చట్లు వింటదా?" అంది అక్క.

ఆ పూట ఆ తలుపు తాళం నేనే తీశాను. పని వేళల్లో దానికి తాళం ఉండదని సంస్థవాళ్ల కాగితం మీద సంతకం పెట్టాను. వాళ్లు వెళ్లగానే మళ్లీ వేశాను. అంతకుముందు నెల ఆ తలుపులోంచే సరుకు పోయింది. యజమాని నన్నే నిలదీశాడు.

"తమ్మీ, సంతకం పెట్టినవ్ గద," అంది అక్క. సార్ అనలేదు.

"సోమారం నాడు, లోపట్నుంచి తీసే గొళ్లెం పెట్టిస్త. జర ఆగక్కా."

"నీ సోమారం ఎప్పుడొస్తదో ఏమో."

నాలుగు సోమవారాలు గడిచాయి.

నాలుగో సోమవారం మరుసటి రోజు మధ్యాహ్నం ముందు తలుపు దగ్గర వైరు కాలి అట్టలు అంటుకున్నాయి. నేను రోడ్డవతల లారీ దగ్గర ఉన్నాను. తాళంచెవి నా జేబులో ఉంది. లోపల పదకొండు మంది. ఎవరూ తోసుకోలేదట. గోడకు చెయ్యి ఆనించి, వంగి, లెక్కపెట్టుకుంటూ నడిచారట, అక్క నేర్పినట్టే.

తలుపు కింది సందులోంచి గాలి వస్తుందని అందరినీ అక్కడ పడుకోబెట్టి, తను అందరి వెనక, పొగ వైపు ఉండిపోయింది. నేను చుట్టూ పరుగెత్తి తాళం తీసేసరికి పది మంది దగ్గుతూ పాక్కుంటూ వచ్చారు. అక్కను మోసుకొచ్చాం. రెండు రోజులు ఆసుపత్రిలో ఉంది. స్పృహ రాకుండానే పోయింది.

సంతకం నాదేనని పోలీసులకు చెప్పాను. పదో రోజున పోచమ్మ వచ్చి గుమ్మం దగ్గర కూర్చుంది.

"మీ అక్క చెప్పినట్టే నడిచినం ఉపేందర్. తలుపు దాకా మంచిగనే వచ్చినం," అంది.

ఇప్పుడు ఆ సంస్థవాళ్లు సంతకం తీసుకుని ఊరుకోవడం లేదు. తలుపు తోసి చూస్తారు. కొన్నాళ్లకు, చెప్పకుండా వచ్చి మళ్లీ తోసి చూస్తారు. అక్క పోయాక వాళ్ల కాగితంలో చేర్చిన నిబంధన అది.