కరీం సాబ్ గుప్పిట్లోని మూత

మొన్న కోరుట్ల నుంచి వచ్చిన చిన్న కవరు విప్పగానే అత్తరు వాసన గుప్పుమంది. లోపల రూపాయి బిళ్లకన్నా కాస్త పెద్ద నల్లటి మూత. కెమెరా లెన్సుకు పెట్టేది. పంపింది కరీం సాబ్ భార్య. జగిత్యాలలో నా గది గడప మీదే కూలబడ్డాను. కిందటిసారి నేను చూసినప్పుడు ఆ మూత ఆయన గుప్పిట్లో ఉంది.

కోరుట్లలో ఆయనకు ఫొటో స్టూడియో ఉండేది. డిగ్రీ అయ్యాక సిరిసిల్ల నుంచి వెళ్లి నాలుగేళ్లు ఆయన దగ్గరే పని నేర్చుకున్నాను. నాకు ఫొటోల పిచ్చి ఎందుకు పట్టిందో చెప్పాలంటే మా ఇంటి గోడ చూపించాలి. మరమగ్గాల కార్ఖానాలో సాంచాలు నడిపిన మా నాన్న నా తొమ్మిదో తరగతిలో పోయారు. గోడ మీదున్నది రేషన్ కార్డు ఫొటోను పెద్దది చేయించినది. అందులో ఆయన పోలీసులు పట్టుకొచ్చిన మనిషిలా బెదిరిపోయి ఉంటారు. అంతకుముందు ఎవరో కెమెరా ఆయన కార్ఖానాకొచ్చి నాన్నను తీశాడనీ, ఫిలిం పాడైందని కబురు పంపాడనీ అమ్మ చెప్పేది.

కరీం సాబ్‌కు ఒక అలవాటు. ఫొటో తీసేముందు లెన్సు మూత ఊడదీసి, ఎదుట కూర్చున్న మనిషి చేతిలో పెట్టి గుప్పిట మూయించేవారు. పెళ్లికూతురైనా అంతే, పండు ముసలమ్మైనా అంతే. "సాబ్ ఫొటోల అందరు పిసినారులే" అని బజారంతా ఆటపట్టించేది. చేతులు కుదురుగా ఉండటానికనుకుని నేనూ అదే నేర్చుకున్నాను. ఎందుకని ఒక్కనాడూ అడగలేదు.

పోయిన ఎండాకాలం సొంతానికి ఒక ఫిలిం కెమెరా కొనాలనుకున్నాను. వెడల్పాటి రోలు పట్టేది, పన్నెండే ఫొటోలు వచ్చేది. అమ్మేవాడు రెండు పాత కెమెరాలిచ్చి, నచ్చింది ఉంచుకోమన్నాడు. ఒకటి ఇటుకంత బరువు; లెన్సు చూసేదే మన కంటికీ కనిపిస్తుంది. రెండోది రేంజ్‌ఫైండర్, మడిస్తే చేతిసంచిలో పడుతుంది. దానికి లెన్సు వేరు, మనం చూసే చిన్న కిటికీ వేరు. కిటికీలో మనిషి రెండుగా కనిపిస్తాడు. ఆ రెండూ ఒకటయ్యేదాకా తిప్పి మీట నొక్కాలి. బస్సుల్లో తిరిగేదాన్ని, నా మనసు చిన్నదాని మీదే ఉంది. రెంటినీ తీసుకెళ్లి సాబ్ ముందు పెట్టాను.

"పెద్దదే తీసుకో బిడ్డా" అన్నారాయన వెంటనే.

"మీరు గిసొంటి చిన్నదాని తోటే ముప్పై ఏండ్లు తిరిగిన్రు గద సాబ్."

"అందుకే వద్దంటున్న."

నేను వినలేదు. ముందు మీ ఫొటోతోనే మొదలుపెడతానని చిన్నదానిలో రోలు ఎక్కించి, మూత తీసి ఆయన గుప్పిట్లో పెట్టాను. కిటికీలోంచి చూస్తున్నాను. ఇద్దరు సాబ్‌లు ఇంకా ఒకటి కాలేదు. అప్పుడు చెప్పారు.

"గీ మూత ఎందుకు చేతిల పెడ్తనో ఎరుకేనా? సిరిసిల్ల కార్ఖానల మీ బాపును తీసింది నేనే. పక్కోని దగ్గర దువ్వెన అడుక్కొని తల దువ్వుకున్నడు. గా కిటికీల నాకు సక్కగ కనబడ్డడు. నవ్విండు గూడ. పన్నెండు తీసిన. మూత తియ్యలే బిడ్డా. నేను చూసిన, ఫిలిం చూడలే."

ఆయన సొరుగులోంచి కడిగిన పాత ఫిలిం చుట్ట తీసి నా ముందు పెట్టారు. గాజులా తేటగా, ఖాళీగా ఉంది. అంచున ఒకటి నుంచి పన్నెండు దాకా అంకెలున్నాయి, నాన్న లేరు.

"పాడైందని ఎందుకు చెప్పిన్రు?"

"మల్ల వచ్చి తీద్దామనుకున్న. గంతలనే ఆయన పాయె. నీ ఊరు, మీ బాపు పేరు విన్ననాడే చెప్పాల్సింది. నువ్వు పోతవని భయపడ్డ."

నాలుగేళ్లు. రోజూ నా చాయ్‌లో తన చేత్తో చక్కెర కలిపిన మనిషి. మీట నొక్కలేదు. కెమెరాలు సంచిలో కుక్కుకుని, ఖుదా హాఫిజ్ కూడా చెప్పకుండా బస్సెక్కాను. పెద్ద కెమెరా తిరిగిచ్చేసి చిన్నదే ఉంచుకున్నాను, ఆయన మాట కాదనడానికే. కోపం చల్లారాక వెళ్దామనుకున్నాను. వానాకాలం రాగానే ఆయన పోయారు. నాన్న ఫొటో ఆయన పొరపాటు వల్ల పోయింది. ఆయన ఫొటో నేను కావాలనే తీయలేదు.

నిన్న సిరిసిల్ల వెళ్లి అమ్మను వాకిట్లో కూర్చోబెట్టి, మూత తీసి చేతిలో పెట్టాను.

"ఇదేంది, అత్తరు వాసనస్తుంది?"

"మా సాబ్‌ది. గట్టిగ పట్టుకో, అమ్మా. ఎందుకో తర్వాత చెప్త."

అమ్మ గుప్పిట మూసింది. కిటికీలో ఇద్దరమ్మలు మెల్లగా ఒకటయ్యారు. మీట మీద వేలు పెట్టి కూడా నొక్కలేకపోయాను. తలెత్తి ఆమె గుప్పిట మళ్లీ ఒకసారి చూసుకుని, అప్పుడు నొక్కాను.