చీపురుపల్లి దగ్గర జమ్మి రెమ్మ కోసం ఒక పూట

పోయిన వినాయక చవితికి మా వీధి పందిట్లో పూజకు పత్రి నేనే తెస్తానని మాటిచ్చాను. అంతకు ముందు ఏడాది బజారులో కొన్న కట్టలో మాచిపత్రి పేరుతో వయ్యారిభామ కలుపుమొక్క పెట్టి అమ్మారు. పూజ చేయించిన పంతులుగారు రెండు రోజులు చేతులు గోక్కుంటూ తిరిగారు. ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పినదాన్ని కనుక ఊరుకోలేక, ఇరవై ఒక్క పత్రి అంటే ఇరవై ఒక్కటీ ఉండాలని, అదీ అసలువే ఉండాలని అందరి ముందూ అనేశాను. తీరా పండగ రెండు రోజులుందనగా చూసుకుంటే, విజయనగరంలోని పెరళ్లన్నీ గాలించినా పదిహేడే తేలాయి. దేవదారు హిమాలయాలది, దాని మీద ఆశ పెట్టుకోలేదు. మాచిపత్రి, గండకి దొరకలేదు. జమ్మిని మాత్రం వదిలేది లేదనుకున్నాను.

ఉదయం ఏడింటి పాసింజరులో పది రూపాయల టిక్కెట్టుతో బయలుదేరితే ముప్పావు గంటలో చీపురుపల్లి. స్టేషను బయట అప్పలనాయుడు అనే ఆటో ఆయనకి నేను టీచర్నని చెప్పి, జమ్మి ఎక్కడుంటుందని అడిగాను.

"జమ్మా? మా ఊరి సెరువు గట్టు నిండా అదే టీచరమ్మా! లారీ తెచ్చుకోవలసింది."

రానుపోను, ఆగడంతో కలిపి నాలుగు వందలకు కుదిరింది. అరగంటలో చెరువు గట్టు చేరాం. ఎటు చూసినా పచ్చటి ముళ్లగోడ. కళ్లద్దాలు పెట్టుకుని ఒక కొమ్మ వంచి చూశాను. జమ్మికి చిన్న ముళ్లు కొమ్మ మీద అక్కడొకటి ఇక్కడొకటి ఉంటాయి. దీనికి ఆకు మొదట్లో సూదుల్లా జంటగా ఉన్నాయి.

"నాయనా, ఇది సర్కారు తుమ్మ. వంటచెరకు కోసమని పై దేశం నుంచి తెచ్చి నాటారు."

"జమ్మి కాదేటి! ఏటేటా దసరాకి ఊరంతా దీని సుట్టూరా తిరుగుతన్నాం గదా! పోయినసారి మా మావ ఓట్లకి నిలబడ్డాడని, సీటీ రాసి దీని కొమ్మకే కట్టాడు."

"గెలిచాడా?"

"డిపాజిట్టు పోనాది." చెట్టు వంక అనుమానంగా చూశాడు. "అందుకేనేటి టీచరమ్మా?"

గట్టు కింద మేకలు కాస్తున్న ఎర్రమ్మ అనే ముసలామె పగలబడి నవ్వింది. "ఒరే అప్పలనాయుడా, నాను ఎప్పుడో సెప్పినాను, మీరింటేనా! అసల్ది గట్టెనక ఉన్నాది. ఈ ముళ్లు దారి మూసేసినాయని, రోడ్డు పక్కన ఏది దొరికితే దానికే దండమెట్టేసినారు."

ఆమె దగ్గర కత్తి తీసుకుని అప్పలనాయుడు దారి కొట్టడం మొదలుపెట్టాడు. నేను గొడుగు వేసుకుని, ఎడమ కొమ్మ, కుడి కొమ్మ అని చెబుతూ వెనక నడిచాను.

"టీచరమ్మా, మీరొచ్చి నరకండి. గొడుగు నాను పట్టుకుంటాను."

కాసేపటికి చెమట తుడుచుకుంటూ మళ్లీ అడిగాడు. "మరి మిరపకాయో? ఎచ్చెర్ల యూనివర్సిటీలో సదువుతన్న మా పాప అదీ పై దేశందే అన్నాది. తినడం మానేస్తారేటి?"

నా డబ్బాలో పులిహోర మీద అయిదు ఎండుమిరపకాయలున్నాయి. "మిరప నాటిన మడిలోనే ఉంటుంది. ఎవరి దారికీ అడ్డం రాదు," అన్నాను.

ముప్పావు గంట తర్వాత కనిపించింది జమ్మి. సగం ఎండిపోయి, మిగతా సగం సర్కారు తుమ్మ నీడలో వంగి ఉంది. వీధిలో ప్రతి ఇంటికీ ఒక కొమ్మ ఇస్తానని చెప్పి వచ్చాను కనుక పెద్ద సంచి తెరిచాను. ఎర్రమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఎన్ని ఇళ్లమ్మా?"

"ముప్పై రెండు."

"పచ్చ కొమ్మలు ఆరున్నాయి. నువ్వే లెక్కెట్టుకో."

లెక్కల టీచరుకు అంతకంటే విడమరిచి చెప్పనక్కరలేదు. వేలెడు రెమ్మ ఒక్కటి తుంచి సంచి మడిచేశాను.

పూజ రోజున పద్దెనిమిది పత్రి తెచ్చాననీ, మాట తప్పాననీ అందరి ముందూ ఒప్పుకున్నాను. మిగతా మూడింటికి అక్షతలు వేశాం. జమ్మి రెమ్మ ముప్పై రెండు ఇళ్లవాళ్లూ కళ్లకద్దుకున్నాక దేవుడి దగ్గరకు చేరింది.

జమ్మి తెచ్చిన రోజు తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుంటే విజయనగరం దాకా అదే ముల్లు, అదే వయ్యారిభామ. స్టేషన్ల బోర్డులు తీసేస్తే ఏ ఊరో చెప్పలేం. చెట్టు పోతే మళ్లీ నాటుకోవచ్చు. దాని పేరు ఇంకో చెట్టుకు పెట్టేసి దండం పెట్టుకుంటూ ఉంటే, పోయిందని తెలిసేదెవరికి?

జమ్మి కోసం వెళ్లేవాళ్లు నిండు చేతుల రవిక, గట్టి చెప్పులు వేసుకోండి. ముళ్లు జంటగా కనిపిస్తే వెనక్కి తిరగండి. ఆ ఊరి పేరు మాత్రం కావాలనే రాయలేదు. ఉన్నవి ఆరు కొమ్మలే.